బొంబాయి రవ్వ, రివాల్వరు

రెండు నెలలుగా ఇక్కడ ఏమీ రాయలేదు. అడిగిన వాళ్ళందరికీ "అమెరికా పోయొచ్చాను కదా, జెట్‌లాగ్" అని చెప్పి తప్పించుకున్నాను. జెట్‌లాగ్ రెండు వారాల్లో పోయింది. మిగతా ఆరు వారాలూ ఏం చేస్తున్నానంటే, మా కామారెడ్డి ఇంటి మేడ మీద అట్టముక్కలకి బొక్కలు పెడుతున్నాను. తుపాకీతో. నవ్వకండి, మొదటినుంచి చెప్తాను.

మా పుట్టిల్లు ఎల్లారెడ్డి. మా తాతకి లైసెన్సు తుపాకి ఉండేది. భర్మార్ అంటారు, మా వైపు పెద్దవాళ్ళకి తెలిసే ఉంటుంది. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డ పేలిక కుక్కి, ఇనుప చువ్వతో దట్టించి, వెనక చిన్న రాగి టోపీ పెట్టి పేల్చేది. మక్కచేలోకి అడవి పందులు దిగితే వాటిని బెదిరించడానికి గుండు లేకుండా ఉత్త మందు పేల్చేవాడు. ఆ చప్పుడుకి ఊరి కుక్కలన్నీ ఒకేసారి మొరిగేవి. మేమంతా దుప్పట్లలో లేచి కూర్చునేవాళ్ళం.

ఆ పేలికలు కత్తిరించే పని నాది. నాయనమ్మ పాత చీరలు ఇచ్చేది, నేను అర్ధరూపాయి బిళ్ళ పెట్టి గుండ్రంగా కత్తిరించేదాన్ని. తాత నా పేలికలనే మెచ్చుకునేవాడు, "మస్తు గట్టిగ కూసుంటయి బిడ్డా" అని. సరే, ఒకరోజు పేల్చనిస్తాడు కదా అని నా ఆశ. నాకు పన్నెండేళ్ళప్పుడు ఒక పొద్దున తాత తమ్ముడిని తీసుకుని చేనుకి పోయాడు. వాడికి తొమ్మిదేళ్ళు. నేనూ చెప్పులేసుకున్నాను. "ఆడివిల్లవు నీకెందుకమ్మా" అన్నాడు. కోపంగా కాదు, ముద్దుగానే అన్నాడు. దూరంగా చప్పుడు వినిపించింది. వాడు తిరిగొచ్చి, "నేనే పేల్చిన" అని వాడకట్టంతా చెప్పుకున్నాడు. ఆ రోజు నేను అన్నం తినలేదు. పేలికలు కత్తిరించడం కూడా మానేశాను.

ఆ మరుసటి ఏడే తాత తుపాకిని ఠాణాలో అప్పజెప్పి వచ్చాడు. దళాలు ఊళ్ళల్లో లైసెన్సు తుపాకులు పట్టుకుపోతున్న రోజులవి. ఇంట్లో పెట్టుకుంటే అటు వాళ్ళతోనూ ఇటు పోలీసులతోనూ తంటా. మళ్ళీ దాన్ని చూడలేదు.

ఇప్పుడు డాలస్‌కి వద్దాం. పోయిన ఎండాకాలం మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి వెళ్ళాను. తమ్ముడు అక్కడ పదిహేనేళ్ళుగా హెచ్‌1బి మీద ఉన్నాడు, గ్రీన్‌కార్డు లైను కదలదు. ఫంక్షన్ అయిన నాలుగో రోజు వాడు గ్యారేజీలోంచి ఒక చెక్కపెట్టె తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. లోపల రివాల్వరు. మా మరదలు "అగో, మళ్ళ తీసిండు" అని మొహం తిప్పుకుంది.

"ఇదేందిరా, నీకు లైసెన్సున్నదా?" అన్నాను.

"దీనికక్కర్లేదక్కా" అని మొదలుపెట్టాడు. అమెరికాలో వీసా మీద ఉన్నవాళ్ళు మామూలు తుపాకి కొనకూడదట, దగ్గర ఉంచుకోకూడదట, వేట లైసెన్సులాంటి మినహాయింపు ఏదన్నా ఉంటే తప్ప. నాలాంటి చుట్టపుచూపు వాళ్ళకీ అంతే. కానీ 1968 నాటి వాళ్ళ తుపాకుల చట్టం, తూటా లేకుండా మందు పోసి పేల్చే పాతకాలపు వాటిని, వాటి నకళ్ళని తుపాకి లెక్కలోకే తీసుకోదు. టెక్సాస్ చట్టమూ అంతే. అందుకని ఇలాంటి మోడల్స్ ఇటలీలో తయారయ్యి వస్తాయి, వీడు ఒకటి కొన్నాడు. వీడిది రెమింగ్టన్ 1858 మోడల్‌కి నకలు. అమెరికా అంతర్యుద్ధంలో సిపాయిలు మోసినది అలాంటిదే.

"నల్లమందు రివాల్వరక్కా" అన్నాడు బ్లాక్ పౌడర్‌ని తెలుగు చేసి. నల్లమందంటే అభినిరా, తెలుగు బీఏ చదివిన దాన్ని, నా ముందా అన్నాను. తుపాకి మందు అనాలి. అందులో పడే సూరేకారానికి మనకి పెట్లుప్పు అని అచ్చమైన మాట కూడా ఉంది. పెట్లుప్పు, గంధకం, బొగ్గు, అంతే సరుకు.

పెట్టెలో రివాల్వరు పక్కన ఇత్తడి మందు సీసా, సీసం గుండ్లు, టోపీల డబ్బీ ఉన్నాయి. ఇంకో డబ్బాలో తెల్లగా ఏదో ఉంది. వేలు పెట్టి చూశాను. బొంబాయి రవ్వ!

"ఉప్మాకి తెచ్చుకున్నవారా?"

నిజంగానే రవ్వ అది. అక్కడ పొద్దున జావ కాచుకునే గోధుమ రవ్వ, క్రీమ్ ఆఫ్ వీట్ అని అమ్ముతారు. మందు తక్కువ పోసినప్పుడు గుండుకీ మందుకీ మధ్య ఖాళీ లేకుండా నింపడానికి వాడతారట. ఖాళీ ఉండకూడదు, అది మొదటి నియమం. ఆ మాట వినగానే నాకు తాత చువ్వతో దట్టించే చప్పుడు గుర్తొచ్చింది.

మరునాడు ఊరి బయట ఉన్న రేంజికి పోయాం. గోడల మధ్య ఉండే రేంజిల్లో చాలాచోట్ల దీన్ని రానివ్వరు, పొగ కమ్మేస్తుందని. చెవులకి డిప్పలు, కళ్ళకి అద్దాలు పెట్టారు. గొట్టం ఎప్పుడూ గురి వైపే ఉండాలి, పేల్చేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. వాడు నాతో ఈ రెండూ మూడుసార్లు అప్పజెప్పించాడు. చిన్నప్పుడు వాడికి ఎక్కాలు అప్పజెప్పించినది నేను.

నింపడం చూస్తే మీరూ ఇష్టపడతారు, వంటలాగే ఉంటుంది. ఘోడాని సగం ఎత్తి పెడితే గుండ్రటి రోలు తిరుగుతుంది. దానికి ఆరు గదులు. ఒక్కో గదిలో కొలత సీసాతో మందు, దాని మీద రవ్వ, దాని మీద సీసం గుండు. గుండు గది కంటే వెంట్రుకవాసి పెద్దది. గొట్టం కింద ఉండే మీటని లాగి నొక్కితే గుండు లోపలికి దిగుతూ అంచున సన్నటి సీసం ఉంగరం ఊడి పడుతుంది. ఆ ఉంగరం పూర్తిగా గుండ్రంగా వస్తే గుండు బిగువుగా కూర్చున్నట్టు. నాకు ఆ ఉంగరాలు ఎంత నచ్చాయంటే రెండు జేబులో వేసుకున్నాను, సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోమని వాడు పారేయించాడు. గుండ్ల మీద గ్రీజు పూస్తారు. అది మసిని మెత్తగా ఉంచుతుంది, నిప్పురవ్వ పక్క గదిలోకి పాకకుండా అడ్డమూ పడుతుంది. పాకితే ఒకేసారి రెండు మూడు గదులు పేలతాయి, దానికి చైన్ ఫైర్ అని పేరు. ఆరు గదులున్నా అయిదే నింపాలి, ఘోడా కింద ఖాళీ గది ఉండాలి. టోపీలు మాత్రం పేల్చే గీత దగ్గరికి వచ్చాకే, గొట్టం గురి వైపు పెట్టాకే పెట్టాలి.

మొదటి అయిదూ వాడు పేల్చాడు. రెండోసారి నాకోసం నింపుతూ, తలెత్తకుండా అన్నాడు:

"అక్కా, ఆ రోజు నేను పేల్చలే."

ఏ రోజని నేను అడగలేదు.

"తాత నా చేతికిచ్చిండు. బరువుకి వంగిపోయిన. భయానికి లాగు తడుపుకున్న. తాతే పేల్చిండు. నువ్వే పేల్చినవని చెప్పు, లేకుంటే మీ అక్క నవ్వుతదన్నడు." కాసేపాగి, "నీకు గుండె లేదురా, మీ అక్కకున్నదని గూడ అన్నడు" అన్నాడు.

వాడు నన్ను సంతోషపెడుతున్నాననుకున్నాడు. కానీ నాకేమైందంటే, తమ్ముడి మీద ముప్పైనాలుగేళ్ళుగా ఉన్న కోపం కాస్తా లేచి తాత మీదికి పోయింది. తెలిసే కదా నన్ను తీసుకుపోలేదు! తెలియక చేసి ఉంటే బాగుండేది. పోయినవాళ్ళ మీద కోపం వస్తే ఏం చేస్తాం, తద్దినం రోజు పప్పులో ఉప్పు తక్కువ వేస్తామా?

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదురా?"

"సిగ్గైందక్కా. తర్వాత్తర్వాత అందరూ నమ్మేసిండ్రు. నేను గూడ నమ్మిన."

ఇంకేం మాట్లాడలేదు ఇద్దరం. రివాల్వరు చేతికిచ్చాడు. కిలోకి కొంచెం ఎక్కువ ఉంటుంది, బియ్యం సంచులు మోసే చేతులు కాబట్టి నాకు బరువనిపించలేదు. ఘోడా వెనక్కి లాగాను, గురి చూశాను, వేలు నొక్కాను. సినిమాలో లాగా టపీమనదు. పొట్టలోంచి వచ్చినట్టు ధుమ్మంటుంది. చెయ్యి వెనక్కి గుంజుకోదు, ఎవరో మెల్లగా తోసినట్టు పైకి లేస్తుంది. ఎదురుగా తెల్లటి పొగ. తగిలిందో లేదో గాలి వచ్చి పొగని తీసుకుపోయేదాకా తెలియదు. గంధకం వాసన. దీపావళి మరునాటి వాకిలి వాసన అది, మా ఎల్లారెడ్డి మక్కచేను వాసన కూడా.

అయిదింట్లో రెండు కాగితానికి తగిలాయి. ఒకటి మూల మీద.

పేల్చడం పది నిమిషాలైతే తోమడం గంట. ఆ మసి గాలిలో తేమని లాక్కుంటుంది, ఒక్క రాత్రి వదిలేస్తే ఇనుము తుప్పు పడుతుంది. అందుకని అదే సాయంత్రం విడదీసి, వేడినీళ్ళు సబ్బు పెట్టి కడిగి, తడి లేకుండా ఆరబెట్టి నూనె రాయాలి. తమ్ముడు ఆ పని మరదలి సింకులో చేస్తాడట, వాళ్ళిద్దరి గొడవ అక్కడే. నేను బాత్రూమ్‌లో ప్లాస్టిక్ టబ్బు పెట్టి కడిగి చూపించాను. మిక్సీ జార్ కింద మసి తీసినట్టే, పాత టూత్‌బ్రష్‌తో. మరదలు వచ్చి చూసి, "వదినా, ఈ బుద్ధి మీ తమ్మునికి నువ్వైనా చెప్పు" అంది. టబ్బు మాత్రం ఆమెదే, కొత్తది కొనిచ్చి వచ్చాను.

తిరిగొచ్చాక మనసు ఊరుకోలేదు. మన దగ్గర అలాంటి రివాల్వరు కుదరదు, మందు పోసేదైనా లైసెన్సు కావాల్సిందే. పంటకి కాపలా అని అడగడానికి నాకు చేనూ లేదు. మా అబ్బాయి చెప్పాడు, ఎయిర్ పిస్టల్‌కి లైసెన్సు అక్కర్లేదని. 2016 ఆయుధాల నియమాల ప్రకారం గొట్టం కొలత 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, శక్తి 20 జౌళ్ళు దాటకుండా ఉంటే చాలు, గుర్తింపు కార్డు చూపించి కొనుక్కోవచ్చు. మన దేశంలో తయారైనదే, ఒక మంచి మిక్సీ ధరకి వచ్చింది. గొట్టం మడిచి గాలి నింపి, చిన్న సీసం పెల్లెట్ పెట్టడమే. పొగ లేదు, వాసన లేదు. అది కొంచెం వెలితే, ఒప్పుకుంటాను.

మా ఆయన మొదటి రోజు "లత్కోర్ సాబ్ వచ్చిండు" అన్నారు. పిట్టలదొర తెలుసుగా, కట్టె తుపాకి భుజాన వేసుకుని వాకిట్లో కోతలు కోసే తుపాకి రాముడు. ఆ పేరే నాకు ఖాయం చేశారు. అత్తమ్మది వేరే బాధ. "నలభై ఆరేండ్లకు ఈ సోకేంది, ఆడోళ్ళకు తుపాకులేంది" అంటుంది. అత్తమ్మా, మన తెలంగాణ పోరాటంల మల్లు స్వరాజ్యం తుపాకి పట్టినప్పుడు ఇంకా పిల్లే, ఆమెను పట్టిస్తే నిజాం సర్కారు పదివేలు ఇస్తానన్నది అన్నాను. "ఆమె దొరల మీదికి పట్టింది, నువ్వెవరి మీదికి?" అంది. జవాబు లేదు నా దగ్గర. అట్టముక్క మీదికి అన్నాను. హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్ పదమూడేళ్ళకే జాతీయ ఛాంపియన్ అయింది, ఆసియా క్రీడల్లో జట్టుతో బంగారు పతకం తెచ్చింది అని కూడా చెప్పాను. "ఆ పిల్లకు పదమూడు" అంది అత్తమ్మ. ఆమెతో గెలవలేం.

పోటీల్లో దూరం 10 మీటర్లు. మా మేడ మీద గోడ నుంచి గోడకి తొమ్మిదే వచ్చింది, మెట్ల గదిలోకి ఒక అడుగు వేసి నిలబడితే సరిపోయింది. మెట్ల తలుపుకి గడియ పెట్టుకుంటాను, కళ్ళజోడు పెట్టుకుంటాను. గురి వెనక మందమైన చెక్క, దాని ముందు పాత పరుపు. నడిమి పదో నంబరు గుండ్రం 11.5 మిల్లీమీటర్లే, నా బొట్టుబిళ్ళంత. ఒంటి చేత్తో పట్టుకోవాలి, రెండో చెయ్యి ఆసరా ఇవ్వకూడదు. అక్కడే ఉంది కష్టమంతా. పిస్టల్ బరువు కాదు, చాచిన చెయ్యి నిలవదు. నిన్న పది పెల్లెట్లకి నూటికి యాభై ఎనిమిది వచ్చాయి. కాగితం ఫోటో తీసి తమ్ముడికి పంపాను. "పేలికలు నువ్వే కత్తిరించినవా అక్కా" అని పెట్టాడు. జవాబు ఇంకా ఇవ్వలేదు.

చెయ్యి నిలవడానికి లీటరు నీళ్ళ సీసా చాచి పట్టుకోమన్నారు. కుక్కర్ పెట్టాక అదే చేస్తున్నాను. రెండో విజిల్‌కి ఎత్తితే మూడో విజిల్ దాకా ఆగుతోంది. నిన్న గ్యాసు తగ్గింది, విజిల్ రానే రాలేదు, సీసా జారి అత్తమ్మ కాళ్ళ దగ్గర పడింది.