తపతి ఒడ్డున చెరువు చేప

సూరత్‌లోని లింబాయత్‌లో స్థిరపడిన తెలంగాణ నేత కార్మికులకు ఊరి చేపకూ ఇక్కడి చేపకూ తేడా నాలుక మీదే తెలిసిపోతుంది. ఆ తేడాకు మూలం మాత్రం ఆనకట్టల్లో, మురుగు కాలువల్లో, నీటి మీద హక్కుల్లో ఉంది

మృగశిర కార్తె వచ్చిందంటే తెలంగాణలో చేపల కూర వండని ఇల్లు అరుదు. రోహిణి ఎండలు పోయి గాలి ఒక్కసారిగా చల్లబడే ఆ రోజుల్లో ఒంట్లో వేడి నిలవాలంటే చేప తినాలన్నది పెద్దల మాట. మాంసాహారం ముట్టనివాళ్లు బెల్లంలో ఇంగువ కలిపి మింగి ఆచారం నెరవేర్చుకుంటారు. హైదరాబాద్‌లో బత్తిని కుటుంబం పంచే చేప మందు కోసం జనం బారులు తీరేదీ ఆ కార్తెలోనే. ఏటా జూన్ 7నో 8నో వచ్చే ఈ రోజును మగ్గంతోపాటే గుజరాత్‌కు మోసుకెళ్లినవాళ్లున్నారు.

లింబాయత్ సూరత్ నగరానికి తూర్పు దిక్కున, ఉధ్నా జంక్షన్‌కు చేరువలో ఉన్న కార్మిక వాడ. ఇరుకు గల్లీలు, ఇళ్ల పక్కనే మరమగ్గాల చప్పుడు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉంటున్నాయి. మహారాష్ట్ర ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీలు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ కార్మికులు వారికి ఇరుగుపొరుగు. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా బడులతోపాటు తెలుగు బడులు కూడా నడుపుతూ వచ్చిందంటే ఈ జనం బలం అర్థమవుతుంది. భాష, పండుగ, పెళ్లి సంబంధం అన్నీ ఏదో ఒక మేరకు నిలిచాయి. చేప రుచి మాత్రం నిలవలేదన్నది పాత తరం ఫిర్యాదు.

దాన్ని ఊరి మీద బెంగగా కొట్టిపారేయడం సులువు. కానీ సూరత్ సముద్రానికి దగ్గరి నగరం. చేపకు కరువు ఉండకూడదు. అసలు చిక్కు క్యాలెండర్‌లో ఉంది. పశ్చిమ తీరంలో మరపడవల వేటపై నిషేధం జూన్ 1న మొదలవుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15న మొదలైన నిషేధం జూన్ 14 దాకా సాగుతుంది. అంటే మృగశిర ప్రవేశించే నాటికి దేశానికి రెండు వైపులా మరపడవలు ఒడ్డునే ఉంటాయి. తెలంగాణకు ఎలాగూ సముద్రం లేదు. కాబట్టి ఆ రోజు కరీంనగర్‌లోనైనా, లింబాయత్‌లోనైనా కుండలోకి వచ్చేది ప్రధానంగా మంచినీటి చేపే. పోలిక అక్కడే మొదలవుతుంది.

తెలంగాణ చేప ముందుగా చెరువు చేప. లోతు తక్కువ, అడుగున బురద, అంచుల్లో తుంగ, తామర. అలాంటి నీళ్లలో కొర్రమీను, జెల్ల, వాలుగ, మార్పు, బొమ్మిడాయి పెరుగుతాయి. వీటిలో కొర్రమీనుకు ఉన్న గౌరవం వేరు. ముళ్లు తక్కువ, కండ గట్టి. అంతకంటే ముఖ్యం, అది మొప్పలతోపాటు నేరుగా గాలి కూడా పీల్చుకోగలదు. కొద్దిపాటి నీళ్లున్న బిందెలోనూ గంటల తరబడి బతుకుతుంది. అందుకే దాన్ని ప్రాణంతో అమ్ముతారు. చేప ఎంత తాజాదో చెప్పడానికి అమ్మేవాడి మాట అక్కర్లేదు. కదులుతున్న తోకే సాక్ష్యం. తెలంగాణ పల్లెల్లో పెరిగినవాళ్లు 'మంచి చేప' అన్నప్పుడు వారి మనసులో ఉన్న కొలత ఇదే.

చెరువు చేపకు ఒక లోపమూ ఉంది. అది మట్టి వాసన. నీటిలోని నీలి ఆకుపచ్చ నాచు, అడుగు బురదలోని కొన్ని సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. తొలకరి చినుకు పడ్డప్పుడు నేల నుంచి లేచే వాసనకూ కారణం ఇదే. నిలవ నీటిలో పెరిగిన చేప కొవ్వులో అది పేరుకుంటుంది. చేపను కొన్ని రోజులు శుభ్రమైన నీటిలో ఉంచితే తగ్గుతుంది. పులుపు తగిలితే ఆ పదార్థం విరిగిపోతుంది. తెలుగింటి చేపల పులుసులో చింతపండు అంత చిక్కగా ఎందుకుంటుందో ప్రయోగశాల చెప్పకముందే వంటిల్లు కనిపెట్టిందన్నమాట. పారే నీటి చేపకు ఈ బెడద తక్కువ. నది చేపకు ఎక్కువ ధర పలకడానికి ఇదొక కారణం.

ఆ లెక్కన సూరత్ వాసులు అదృష్టవంతులు కావాలి. మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి దగ్గర పుట్టి 724 కిలోమీటర్లు పారిన తపతి ఈ నగరం గుండానే సముద్రంలో కలుస్తుంది. కానీ నగరానికి చేరే తపతి పారే నది అనిపించుకునే దశ దాటిపోయింది. 1954లో కాక్రాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయి జలాశయం వచ్చాయి. సాగునీరు కాలువలకు మళ్లింది. 1995లో నగరంలోనే సింగణ్‌పోర్ వద్ద కట్టిన ఆనకట్టకు ఎగువన మంచినీరు నిలుస్తుంది. దిగువన సముద్రపు పోటు నీరు ఆడుతుంది. వానాకాలం తప్పిస్తే ఈ రెండింటికీ మధ్య రాకపోకలు తక్కువ. ఎగువ నిలవ నీటిలో గుర్రపుడెక్క పెరగడం నగరానికి పాత సమస్య. నది ఒడ్డునే ఉన్నా సూరత్ మంచినీటి చేపకు పెద్ద ఆధారం వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరంలోని ఉకాయి.

ఇక్కడో విచిత్రం. ఉకాయిలో వల వేస్తే పడే ప్రధాన చేపలు బొచ్చె, రవ్వ, మ్రిగాల. కరీంనగర్ పక్కనున్న దిగువ మానేరు డ్యామ్‌లో, నిజామాబాద్ జిల్లా శ్రీరాంసాగర్‌లో పడేవీ అవే. ఈ మూడూ ప్రధానంగా గంగా పరీవాహకానికి చెందినవి. వానకు ఏరు పొంగితే తప్ప గుడ్లు పెట్టని ఈ చేపల చేత ఇంజెక్షన్‌తో గుడ్లు పెట్టించవచ్చని శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి 1957 జూలై 10న నిరూపించారు. ఏటా ఆ తేదీని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ తర్వాత చేపపిల్లల కేంద్రాలు వెలిశాయి. దేశంలో ఏ జలాశయమైనా అదే విత్తనంతో నిండసాగింది. కాబట్టి డ్యామ్ చేపల వరకు మానేరు గొప్పా, తపతి గొప్పా అన్న వాదనలో పస లేదు. అవి ఒకే జాతి. తేడా తెచ్చేది నీటి నాణ్యత, మేత, వల నుంచి వంటింటికి పట్టే గంటలు. మానేరు ఒడ్డున పొద్దున పట్టిన రవ్వ మధ్యాహ్నానికి పొయ్యి మీద ఉంటుంది. నగరానికి వచ్చేది ఐసులో ప్రయాణించి, చేతులు మారి, మళ్లీ ఐసులోకి వెళ్లి వస్తుంది. రోజుకు పన్నెండు గంటలు మగ్గం దగ్గర నిలబడిన మనిషి సాయంత్రం సంతకు వెళ్లేసరికి మిగిలేది ఆ చేపల్లో చివరిది.

నదుల మధ్య నిజమైన పోలిక కావాలంటే సముద్రం నుంచి ఏటికి ఎదురీదే చేపను చూడాలి. గోదావరి జిల్లాలవారు పులస అని మురిసిపోయేదీ, బెంగాలీలు ఇలిష్ అని ప్రాణం పెట్టేదీ, సూరత్‌కు ఉత్తరాన భరూచ్ దగ్గర నర్మదలో వానాకాలం పట్టేదీ ఒకే జాతి. మూడు చోట్లా దాని కథ కూడా ఒకటే. గోదావరిలో 1852 నాటికే ధవళేశ్వరం ఆనకట్ట దాని దారికి అడ్డు నిలిచింది. అందుకే పులస గర్వం డెల్టా జిల్లాలదే తప్ప కరీంనగర్‌ది కాదు. గంగ మీద 1975లో ఫరక్కా వచ్చింది. నర్మద మీద సర్దార్ సరోవర్ గేట్లను 2017లో మూశాక దిగువకు వచ్చే నీరు తగ్గి భరూచ్ వైపు ఉప్పునీరు ఎగబాకిందని మత్స్యకారులు ఆందోళన చేశారు. భాడ్‌భూత్ వద్ద తలపెట్టిన బ్యారేజీని వాళ్లు వ్యతిరేకించింది కూడా ఈ చేప కోసమే. నది నోరు మూసుకుపోతే ఏ ప్రాంతం రుచి మేలన్న చర్చకు చేపే మిగలదు.

లింబాయత్‌కు ఇంకా దగ్గరి నీరు ఒకటుంది. వాడ గుండా పోయే మీఠీ ఖాడీ. పేరుకు తీయని వాగు. ఆచరణలో మురుగునీటి దారి. పెద్ద వానలకు పొంగి ఇళ్లలోకి వస్తుంది. 1994లో ప్లేగు భయంతో వలస కార్మికులు వేల సంఖ్యలో రైళ్లెక్కి పారిపోయిన నగరం ఇది. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు వీధులు ఊడ్పించి దాని రూపు మార్చారు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇందోర్‌తో కలిసి దేశంలో మొదటి స్థానం పంచుకుంది. వీధికి అందిన ఆ శుభ్రత వాగుకు అంతగా అందలేదు. ఇలాంటి నీళ్లలో కూడా చేపలు కనిపించవచ్చు. దాన్ని చూసి నీరు బాగుందనుకోవడం పొరపాటు. గాలి పీల్చే జాతులు ఆక్సిజన్ లేని నీటిలోనూ బతుకుతాయి. ఆఫ్రికా మార్పు చేప పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించడానికి ఒక కారణం అది స్థానిక చేపలను మింగేయడం. ఎంత చెడ్డ నీటిలోనైనా పెరిగే దాని గుణమే దొంగచాటు పెంపకానికి ఊతమిచ్చింది.

ఇందులో లింబాయత్ వాసులకు నేరుగా తగిలే ముడి కూడా ఉంది. వారు నేసిన గుడ్డ రంగు, అద్దకం మిల్లులకు వెళ్తుంది. ఆ మిల్లులకు నీళ్లు కావాలి. వాడిన నీళ్లకు దారి కావాలి. తిండి పెట్టే పరిశ్రమే తినే చేపకు ముప్పు తెస్తే ఎవరి పక్షాన మాట్లాడాలి? ఊళ్లో ఈ ప్రశ్న ఇంత సూటిగా ఎదురుకాదు. అక్కడ చెరువు మీద గంగపుత్రులకు, ముదిరాజ్‌లకు సహకార సంఘాలున్నాయి. ఎవరు వల వేయాలో, ఎప్పుడు వేయాలో సంఘం చెబుతుంది. ఉకాయిలో ముంపుకు గురైన ఆదివాసీ కుటుంబాల్లో కొన్ని అదే నీటిలో వల వేసి బతుకుతున్నాయి. నీరు చెడితే అడగడానికి వీళ్లందరికీ ఎంతో కొంత హక్కుంది. లింబాయత్‌లో చేప కొనుక్కునేవాడు వట్టి వినియోగదారుడు. తపతి మీద అతనికున్న బంధం కుళాయి, వరద. 2006 ఆగస్టులో ఉకాయి గేట్లెత్తినప్పుడు నగరంలో చాలా భాగం మునిగి ఆ బంధం ఎలాంటిదో తెలిసింది.

అయితే ఊరి చేప ఊరిలో ఉన్నట్టే ఉందనుకోవడమూ సరికాదు. తెలంగాణ ప్రభుత్వం 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీయించడం మొదలుపెట్టింది. 2016లో కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించింది. చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదిలే పథకమూ అప్పుడే మొదలైంది. వదిలే పిల్లల్లో ఎక్కువ బొచ్చె, రవ్వ జాతులవే. వాటిని తినేసే శత్రువుల జాబితాలో కొర్రమీను, వాలుగ ముందుంటాయి. పెంపకం చెరువుల్లో విత్తనం వేసేముందు ఇప్ప పిండి చల్లి ఇలాంటి చేపలను ఏరివేయడం శాస్త్రీయ పద్ధతే. ఈ పథకాలతో మత్స్యకారుల ఆదాయం పెరగవచ్చు. చౌకగా చేప దొరకవచ్చు. కానీ లింబాయత్ పెద్దలు కలవరించే రుచి ఆ కొత్త లెక్కలో ఇమడదు. సెలవుకు ఊరెళ్లిన మనవడు మానేరు ఒడ్డున తినేదీ, ఉధ్నాలో దిగి తినేదీ రానురాను ఒకే చేప అవుతోంది.

కాబట్టి ఏ ప్రాంతం చేప మేలన్న ప్రశ్నకు మ్యాపులో జవాబు దొరకదు. నీరు ఏడాదిలో ఎన్ని నెలలు పారుతుంది, ఎగువన అందులో ఎవరేం కలుపుతున్నారు, చెడగొడితే నిలదీసే హక్కు ఎవరికుంది అన్న మూడు ప్రశ్నలకు ఏ ఊరు మెరుగైన సమాధానం చెబితే ఆ ఊరి చేపే మేలు. ప్రస్తుతానికి తెలంగాణ చెరువు మూడో ప్రశ్నలో ముందుంది. మొదటి రెండింటిలో ఆనకట్టలు, ఎరువులు, పురుగుమందుల వల్ల దాని ఆధిక్యం తరిగిపోతోంది. తపతి మూడింటిలోనూ వెనకబడింది. మృగశిర నాడు లింబాయత్‌లో చేప కొనేవాడికి మొప్పలు ఎర్రగా ఉన్నాయో లేదో చూసుకునే అవకాశం ఉంది. అది ఏ నీటి నుంచి వచ్చిందని అడిగే అలవాటు, ఆ నీటి గురించి నగరాన్ని అడిగే అలవాటు ఇంకా రావాల్సి ఉంది.