పెనుకొండ నుంచి చెల్లాయికి

హిందూపురం, గురువారం రాత్రి



క్షేమంగా చేరాను. గొంతు పట్టేసింది, నిన్నటి నుంచీ జల్లు వదలడం లేదు. అయినా ఈ సీమలో వానను ఎవరూ విసుక్కోరు. ఆటోవాళ్ళు కూడా చూరు కిందికి రాకుండా తడుస్తూ మబ్బు వంక చూస్తున్నారు.

పొద్దున పట్టుగూళ్ళ మార్కెట్‌కి వెళ్ళాను. ట్రేల నిండా గూళ్ళు, కొన్ని తెల్లనివి, కొన్ని పసుపువి. ఒక రీలరు ట్రే అడుగు దాకా చెయ్యి పోనిచ్చి గుప్పెడు తీశాడు. అందులో ఒకదాన్ని చెవి దగ్గర ఆడించి విన్నాడు, ఇంకోదాన్ని బ్లేడుతో కోసి లోపలి పురుగును చూశాడు. ఆ తర్వాతే పాటలో నోరు విప్పాడు. గూళ్ళు తెచ్చిన రైతు ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. మధ్యాహ్నం లేపాక్షి చూసొచ్చాను. విరూపణ్ణ కట్టించిన గుడి గొప్పది, జనం ఎక్కువ.

రాత్రి ఉగ్గాని, బజ్జీ తిని ఎన్నిన్ డైరీ పట్టుకున్నాను. రైల్లోనూ అదే చదివాను. ఎన్నిన్ 838లో జపాన్ నుంచి చైనాకు వెళ్ళిన బౌద్ధ భిక్షువు. 847లో గాని తిరిగి రాలేదు. ఆ పరాయి దేశంలో అడుగడుగునా ఆయన్ని ఆదుకున్నది కొరియా వాళ్ళు. అప్పట్లో వాళ్ళ రాజ్యం పేరు సిల్లా. షాన్‌డాంగ్ తీరంలోనూ, హువాయ్ నది ఒడ్డున చూజౌలోనూ సిల్లా వర్తకులకు, ఓడవాళ్ళకు పేటలకు పేటలే ఉండేవి. జపాన్ రాజదూతలు 839లో ఇంటికి పోవడానికి చూజౌలో తొమ్మిది సిల్లా ఓడలు, సముద్రం తెలిసిన అరవై మందికి పైగా సిల్లా మనుషులను కుదుర్చుకున్నారట. ఇంత కథ మన బడి పుస్తకాల్లో ఎక్కడా లేకపోవడం నాకు బాధగా ఉంది.

రేపు పెనుకొండకు, మీ అమ్మాయి దగ్గరికి. ఆవకాయ సీసా పగల్లేదు, బెంగపడకు.

పెనుకొండ, శనివారం

చెల్లాయీ,

స్టేషన్ బయట ఆటో అతను 250 అడిగాడు. నేను 100 అన్నాను. “కొరియా సార్లు అడిగినంత ఇస్తారు సార్” అన్నాడు. ఊరికి కొత్తవాడు కనబడితే ధర పెంచుతావా అని గట్టిగానే అడిగాను. అతనూ తగ్గలేదు. “కియా కంపెనీ వచ్చినాక ఇంటి బాడుగ ఎంతయిందో తెలుసునా మీకు? మేం యాడికి పోవాల?” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. 150కి తెగింది.

దారంతా నాకు మన మోటుపల్లి పాత రేవు గుర్తొచ్చింది. అక్కడి వీరభద్రాలయంలో కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం చిన్నప్పుడు నాన్న చూపించారు కదా. అంతకు ముందు రాజులు తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా లాక్కునేవారు. గణపతిదేవుడు అది మానేసి, ముప్ఫైకి ఒక వంతు సుంకం చాలన్నాడు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టునూలు, దేనికి ఎంతో రాతి మీద చెక్కించాడు. కొత్త రేవులో దిగినవాడికి బేరం తెలియదు, భాష తెలియదు. కట్టాల్సింది ఇంతే అని ముందే తెలిస్తే మళ్ళీ వస్తాడు.

అమ్మాయి కాస్త చిక్కింది, కానీ హుషారుగా ఉంది. కొరియా భాష నేర్చుకుంటానంటే బావ నెల రోజులు మాట్లాడలేదు, ఇప్పుడు చూడు! కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం అయితే, 2019 డిసెంబరుకల్లా ప్రారంభోత్సవం చేశారు. 536 ఎకరాలు. వేరుశనగ చేల పక్కన హైవే మీద కొరియా అక్షరాల బోర్డులు కనబడతాయి. ఆ రెండు లోకాల మధ్య దుబాసీ మీ అమ్మాయి. మిషను ఆగిపోతే ఫిట్టరు తెలుగులో చెప్పిన మాటను కొరియా ఇంజనీరుకు అందించాలి, ఆయన కోపం మాత్రం ఫిట్టరుకు అందకుండా చూడాలి. ఎన్నిన్‌కీ ఇలాంటి సిల్లా దుబాసీలే ఉత్తరాలు చేరవేశారు, సామాన్లు దాచిపెట్టారు, అధికారులకు అర్జీలు పెట్టించారు.

కోట చూశాను. 1565 యుద్ధంలో ఓడాక విజయనగర రాజధాని ఇక్కడికే మారింది. బాబయ్య దర్గాకూ వెళ్ళాను.

నిన్న రాత్రి ఒక కొరియా మేనేజరు గారింట్లో భోజనం. ఆ ఇల్లాలు నా గొంతు చూసి సముద్రపు నాచుతో వేడి చారు కాచింది. బాలింతలకూ పుట్టినరోజుకూ అదే పెడతారట. కిమ్చీ ఇక్కడి క్యాబేజీతోనే, రంగుకు బ్యాడిగి మిరపకాయ దంచుకుంటుంది. స్టీలు పుల్లలతో తినడం నాకు చేతకాకపోతే చెంచా ఇచ్చింది, నవ్వలేదు. వాళ్ళ పెద్ద పండుగ ఎనిమిదో నెల పున్నమికి. పెద్దలకు పెట్టుకునే పండుగ. మనకు మహాలయ పక్షం భాద్రపద పున్నమి మరునాడే కదా! ఆ రోజు బియ్యప్పిండితో లోపల నువ్వులు పెట్టి మన కుడుముల్లాంటివి ఆవిరికి వండుతారు. కింద పరచడానికి పైన్ ఆకులు కావాలి, పెనుకొండలో అవి దొరకవు. ఆ మాట చెప్తూ కాసేపు ఆగింది. మీ అమ్మాయి తెలుగు చేయకుండా ఊరుకుంది.

రూముకొచ్చి ఎన్నిన్‌ని మళ్ళీ తిరగేశాను. 839లో షాన్‌డాంగ్‌లోని చిషాన్ కొండ గుడిలో సిల్లా వాళ్ళు ఇదే పున్నమికి పిండివంటలు చేసుకుని మూడు రోజులు ఆడిపాడారు, పుట్టిన నేల మీద బెంగతో చేసుకున్నారని ఆయన రాశాడు. ఆ గుడి కట్టించింది చాంగ్ బోగో అనే సిల్లా వర్తక నాయకుడు. గుడి పొలాల మీద ఏడాదికి 500 సోక్‌ల (అది వాళ్ళ కొలత) బియ్యం వచ్చేది. చలికాలం ప్రవచనం సిల్లా భాషలోనే చెప్పేవారు, ముగింపు రోజుల్లో 250 మంది దాకా వచ్చారట. తమ పున్నమి తాము చేసుకునే చోటు ఒకటి ఉండబట్టే ఆ మనుషులు పరాయి తీరంలో తరాల పాటు నిలిచారని నా నమ్మకం.

ధర్మవరం స్టేషన్, ఆదివారం

రైలు ఆలస్యం. రాత్రి జ్వరం తగిలింది, ఇప్పుడు నయం. మీ వదినకు చెప్పకు.

ఒక మగ్గం ఇంట్లో గంటసేపు కూర్చున్నాను. జరీ అంచు దగ్గర పోగు తెగితే నేతగాడు తల ఎత్తకుండానే వేళ్ళతో ముడి వేశాడు. నీకొక చీర తీసుకున్నాను. రంగు ఇప్పుడే చెప్పను, ధర బావకి చెప్పకు.

చాంగ్ బోగో కథ ముగింపు నన్ను వదలడం లేదు. పేదింట పుట్టి, చైనా సైన్యంలో అధికారి అయ్యాడు. తనవాళ్ళను దొంగలు ఎత్తుకొచ్చి బానిసలుగా అమ్మడం కళ్ళారా చూశాడు. తిరిగి వెళ్ళి 828లో రాజును అడిగి, పదివేల మందితో వాండో దీవిలో చొంగ్హేజిన్ దండు పెట్టి ఆ వ్యాపారాన్ని అణిచాడు. తర్వాత వచ్చిన ఒక రాజు చాంగ్ కూతుర్ని చేసుకోబోతే, ద్వీపవాసి పిల్ల రాణి కావడమేమిటని పెద్దలు అడ్డుపడ్డారు. 840ల్లో అతని కిందే పనిచేసినవాడు అతన్ని చంపాడు. 851లో దండు ఎత్తేసి, అక్కడి జనాన్ని లోపలి నేలలకు తరలించారు. ఒక్క మనిషి అండ మీద నిలిచిన వర్తకం అతనితోనే కూలింది. మన గణపతిదేవుడు మాటను రాతికి ఎక్కించాడు, అందుకే ఆయన నాకు ఎక్కువ.

సంక్రాంతికి అమ్మాయి ఆ కొరియా దంపతులను చీరాల తీసుకొస్తుంది. మోటుపల్లి శాసనం దగ్గరికి నేనే తీసుకెళ్తాను. నువ్వు చేపల పులుసు పెట్టు, అరిసెలు వండు. వాళ్ళు కారం బాగా తింటారు, తగ్గించకు.

మీ అన్నయ్య