అరకు ఘాటులో తడి తువ్వాలు

విశాఖపట్నం నుంచి అరకులోయకు రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. రైలులో పోతే సొరంగాలు లెక్కపెట్టుకుంటూ హాయిగా పోవచ్చు. కాని మేము వెళ్ళింది ప్రకృతి శోభ తిలకించడానికి కాదు. మా నాన్నగారి అంబాసిడరు కారును పరీక్షకు కూర్చోబెట్టడానికి.

అది 1978 నాటి మార్క్ త్రీ, 1489 సి.సి. యింజను. నాన్నగారు పోయిన తరువాత ఆరేళ్ళు షెడ్డులోనే పడి ఉన్నది. నిరుడు మా మేనల్లుడు దాని కార్బురేటరు విప్పేసి, పెట్రోలును సన్నగా చిమ్మే ఇంజెక్టర్లు, వాటికి ఎప్పుడు ఎంతసేపు తెరుచుకోవాలో చెప్పే కంప్యూటరు అమర్చాడు. పాత డైనమో ఈ సంసారాన్ని ఈదలేదని ఆల్టర్నేటరు కూడా వేశాడు. ఆ కార్బురేటరును నాన్నగారు స్వయంగా కడిగి తుడుచుకునేవారు. మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు. అమ్మ దాన్ని కొంగుతో తుడిచి అలమరలో పెట్టింది.

"అరకు దాకా ఆగకుండా ఎక్కితే సరే. లేకపోతే ఎక్కడిది అక్కడ పెట్టేయండి" అన్నది.

ఆ షరతుకు కారణం ఉన్నది. 1988 వేసవిలో నాన్నగారు మమ్మల్నందరినీ ఎక్కించుకుని బయలుదేరితే, టైడా దగ్గర కారు నిలిచిపోయింది. ఎండకీ యింజను వేడికీ పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయింది. పంపుకు అందేది వట్టి ఆవిరి! నాన్నగారు పంపు మీద తడి తువ్వాలు చుట్టి, అరగంట దానికి విసనకర్రతో విసిరారు. అందుకే ఈసారి కూడా అమ్మ ఒక తువ్వాలు తడిపి, ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వెనక సీటులో కూర్చున్నది.

బొడ్డవర దాటితే ఘాటు మొదలు. నేను నడుపుతున్నాను. పక్కన మేనల్లుడు ఒళ్ళో ల్యాప్‌టాప్. తెర మీద చదరంగం బల్లలాంటి పట్టిక: ఒక వరుస యింజను వేగానిది, ఒక వరుస గాలి పీడనానిది, గడికొక సంఖ్య. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు చెప్పేదాన్ని బట్టి ఆ సంఖ్యల్ని దిద్దుతాడు. ఊళ్ళో ఎంత తిప్పినా బరువులాగే గడుల దాకా పోలేము. వాటికోసం కొండే ఎక్కాలి.

"మామయ్యా, రెండో గేరులోనే ఉంచండి. యాక్సిలరేటరు కదపకండి" అంటాడు. ఎదర మలుపులో లారీ! కదపక ఏం చేయను?

ఎత్తుకు పోయినకొద్దీ గాలి పలచబడుతుంది. వెయ్యి మీటర్లకు పదోవంతు తగ్గుతుంది. కార్బురేటరు ఆ మేరకు పెట్రోలు తగ్గించలేదు, నల్లపొగ కక్కుతుంది. కంప్యూటరు పీడనం చూసి తానే తగ్గించుకుంటుంది. టైడా దాటాము. అమ్మ వెనక్కి తిరిగి, ఆ పాత చోటును కనుమరుగయ్యేదాకా చూసింది.

అనంతగిరిలో కాఫీకి ఆగాము. పావుగంట తరువాత స్టార్టు చేస్తే యింజను దగ్గి, వణికి, ఆగింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అంతే. మేనల్లుడి ముఖం వాడిపోయింది. రెండు నెలల సెలవు రోజులన్నీ దానికే పోశాడు పాపం.

అమ్మ దిగింది. "ఎక్కడ కాలుతోందిరా?" అంటూ బానెట్ కింద చెయ్యి చాచి చూసి, గాలి గొట్టం మీద తువ్వాలు చుట్టింది.

"అమ్మమ్మా, అక్కడ పెట్రోలే ఉండదు!" అన్నాడు వాడు నవ్వుతూ. అని తెర వైపు చూసి నవ్వు ఆపేశాడు. గాలి వేడి 72 డిగ్రీలని ఉన్న అంకె 60కి, 50కి దిగుతున్నది. తాళం తిప్పాను. యింజను పలికింది.

సంగతేమిటంటే, ఈ యింజనులో గాలి లోపలికి పోయే దారి, పొగ బయటికి వచ్చే దారి ఒకే పక్కన ఉంటాయి. ఆగి ఉన్న పావుగంటలో పొగగొట్టం సెగ గాలి సెన్సరుకు తగిలింది. వచ్చే గాలే అంత వేడిదీ పలచనిదీ అనుకుని, కంప్యూటరు పెట్రోలును పదోవంతుకు పైగా కోసేసింది. ఆగి బయలుదేరిన మొదటి నిమిషాల్లో ఆ సెన్సరు మాట అంతగా పట్టించుకోవద్దని వాడు అంకెలు మార్చాడు. సెన్సరును చల్లని చోటికి మార్చడం యింటికి వెళ్ళాక.

గాలికొండ దగ్గర కావాలనే ఇరవై నిమిషాలు ఆపాము. తువ్వాలు లేకుండానే కారు ఒక్క తిప్పుకు లేచింది.

అరకు చేరాక అమ్మ తువ్వాలును కారు తలుపు మీద ఆరవేసింది.

"ఒప్పుకున్నట్టేనా అమ్మమ్మా?" అన్నాడు మేనల్లుడు.

"ఆగకుండా అన్నాను గదరా! దిగేటప్పుడు చూస్తాను" అన్నది అమ్మ.