స్లైడ్‌లో మా ఆటో

ట్రిపుల్ ఈ మూడో సంవత్సరంలో నా సెమినార్ టాపిక్ ఎలక్ట్రిక్ వాహనాలు. మొదటి స్లైడ్‌లో నల్లటి పొగ వదులుతున్న ఆటో ఫోటో పెట్టాను. ఆదివారం ఇంటికెళ్లినప్పుడు గొప్పగా నాన్నకి చూపించాను. ఆయన ఆ ఫోటో దగ్గరే ఆగి, "ఇది మన బండిలాగే ఉందే అమ్మా" అన్నారు.

నాన్న గుంటూరులో 18 ఏళ్లుగా ఆటో తోలుతున్నారు. నా హాస్టల్ ఖర్చంతా ఆ బండి సంపాదించిందే. ఏమనాలో తోచక గబుక్కున తర్వాతి స్లైడ్ నొక్కేశాను.

లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని చెప్పాను. "లీటరు పెట్రోలు కిలో కూడా తూగదు, రెండు కిలోలు ఎట్టా వస్తది?" అన్నారు. మండేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ కూడా కలుస్తుంది కదా, ఆ బరువు అని చెప్పాను. పెట్రోలులోని శక్తిలో చక్రాల దాకా చేరేది పావు వంతు, మిగతాదంతా వేడిగా పోతుందన్నాను. "అందుకేనా వెనక కూర్చున్నోళ్లు కాలిపోతోందని గోల పెడతారు!" అని నవ్వారు.

ఇద్దరం కూర్చుని లెక్కేశాం. రోజుకి 100 కిలోమీటర్లు, 4 లీటర్లు. అంటే 9 కిలోల పైనే. అదే ఎలక్ట్రిక్ ఆటో అయితే 7 యూనిట్లు సరిపోవచ్చు. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే కాబట్టి యూనిట్‌కి సుమారు 0.7 కిలోలు వేసుకున్నా, మొత్తం 5 కిలోలు. సున్నా కాదు గానీ, దాదాపు సగం. పైగా బ్రేకు వేసినప్పుడల్లా కొంత శక్తి తిరిగి బ్యాటరీకి చేరుతుంది.

నాన్న అంతా విని మూడే ప్రశ్నలడిగారు. "మనది అద్దిల్లు, అదీ రెండో అంతస్తు. ఛార్జింగ్ ఎక్కడ పెట్టాలి? మధ్యాహ్నం బ్యాటరీ దిగిపోతే ఆ పూట బేరాలు ఎవరిస్తారు? కొన్నేళ్లకి బ్యాటరీ మార్చాలంటే డబ్బులెక్కడివి?"

నా 22 స్లైడ్లలో ఒక్కదానికీ జవాబు లేదు.

సాయంత్రం బస్టాండ్‌లో దింపడానికి బయల్దేరారు. లాడ్జి సెంటర్ సిగ్నల్ దగ్గర బండి ఆగగానే ఇంజిన్ ఆపేశారు. ఎప్పుడూ చేసేదే. కానీ దాన్నే కార్లలో స్టార్ట్-స్టాప్ సిస్టమ్ అంటారని మా సార్ చెప్పింది అప్పుడే గుర్తొచ్చింది. పెట్రోలు ధరకి భయపడి నాన్న ఆ పని ఎన్నాళ్ల నుంచో చేత్తోనే చేస్తున్నారు. అలాంటి మనిషిని నేను మొదటి స్లైడ్‌లో నేరస్థుణ్ణి చేశాను.

బస్సులోనే ఆ ఫోటో తీసేశాను. చివరి స్లైడ్‌లో 'థాంక్యూ' బదులు నాన్న అడిగిన మూడు ప్రశ్నలు పెట్టాను. సెమినార్ రోజు మోటారు గురించి ఎవరూ పెద్దగా అడగలేదు, అరగంట సేపు ఆ మూడింటి మీదే మాట్లాడుకున్నాం.

మార్చితో పాత ఆటో లోను తీరిపోతుంది. తర్వాత ఏ బండి కొనాలో నాన్న ఇంకా తేల్చలేదు. కింద గేటు పక్కన వేరే మీటరు పెట్టించమని ఓనర్ గారిని అడిగాను. "చూద్దాంలేమ్మా" అన్నారు. సంక్రాంతి సెలవుల్లో మళ్లీ అడుగుతాను. మీలో ఎవరైనా అద్దింట్లో ఉంటూ బండి ఛార్జింగ్ పెట్టుకుంటుంటే, ఓనర్‌ని ఎలా ఒప్పించారో కాస్త చెప్పండి.