వలసకు ముందు తెరవాల్సిన జాబితా

కళ్యాణదుర్గం చుట్టుపక్కల అంగన్‌వాడీల్లో నేను చూసిన పనుల్లో అన్నిటికన్నా ఓపిక కావాల్సింది ఎత్తు కొలవడం. రెండేళ్లు దాటిన బిడ్డను స్టేడియోమీటర్‌కు ఆనించి నిలబెడతారు. మడమలు ఆనాయో లేదో ఆయా వంగి చూస్తే, టీచరమ్మ అంకె చదివి సెల్లులో ఎక్కిస్తారు. అంతకంటే చిన్నవాళ్లను పడుకోబెట్టే కొలవాలి. పడుకోబెడితే కొలత దాదాపు 0.7 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది. ఈ తేడా పట్టించుకోకపోతే అంచున ఉన్న బిడ్డ ఒక వర్గం నుంచి ఇంకోదాంట్లోకి జారిపోతుంది. 2021 మార్చిలో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్ ఆ అంకెను ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలతో పోల్చి, వయసుకు తగ్గ ఎత్తుందా, ఎత్తుకు తగ్గ బరువుందా అన్నది విడివిడిగా చూపిస్తుంది. ఈ విడదీతే అసలు విలువ. ఎత్తుకు బరువు బాగా తగ్గిన బిడ్డను వెంటనే డాక్టరుకు చూపించాలి. ఎత్తు పెరగని బిడ్డది చాలాకాలంగా సాగుతున్న లేమి, దానికి ఇంటి తిండి దగ్గర్నుంచీ ఆలోచించాలి.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే ఈ సీమలో శనక్కాయ పంట పోతే కుటుంబాలు బెంగళూరు దారి పడతాయి. బరువు తగ్గుతున్న బిడ్డ సరిగ్గా అప్పుడే కేంద్రానికి దూరమవుతుంది. పేరును మరో కేంద్రానికి మార్చే వీలు యాప్‌లో ఉంది. ఇక్కడి రిజిస్టరు ఎంత చక్కగా రాసినా రాష్ట్రం దాటదు, కాబట్టి రిజిస్టరు పుస్తకం చాలదా, యాప్ ఎందుకు అనే ప్రశ్నకు నా జవాబు ఇదే.

అయితే పనిభారం మాట కొట్టిపారేసేది కాదు. యాప్‌ల బరువు తగ్గించాలని అంగన్‌వాడీ సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. 2025 జులై నుంచి ఇంటికిచ్చే సరుకులకు ముఖ గుర్తింపు తప్పనిసరైంది. సరుకు ఎవరికి చేరిందన్నది శాఖకు కావాల్సిన లెక్క, బిడ్డ ఎదుగుతోందా అన్నది తల్లికి కావాల్సిన లెక్క. మొదటిదానికి సిగ్నల్ వెతుక్కుంటూ పూట గడిస్తే, రెండోదాంట్లో అంకె తొందరలో పడుతుంది. తప్పుడు ఎత్తు మీద తీసుకున్న నిర్ణయం ఎంత వేగంగా వచ్చినా తప్పే. అందుకే ముందు కొలిచే సమయాన్ని కాపాడాలి. శనక్కాయ కోతలు కాగానే జరిగే సెక్టార్ మీటింగులో సూపర్‌వైజర్లు అప్‌లోడ్ శాతం అడిగేముందు, రెండు నెలలుగా బరువు పెరగని పిల్లల జాబితా తెరిచి, వాళ్లలో ఏ ఇల్లు వలసకు సిద్ధమవుతోందో టీచరమ్మలను అడగాలి.