మూడు డబ్బాలు, ఒక కిరాయి ఇల్లు

ఇల్లు మారిన ప్రతిసారీ మేం ట్రాలీ ఆటోలోంచి ముందు దింపేది ఖురాన్. తర్వాత బియ్యం డబ్బా. ఆ వెంటనే మూడు కంప్యూటర్లు. మంచాలూ గిన్నెలూ ఎప్పుడైనా దిగొచ్చు. ఒక్కో కంప్యూటర్ మిఠాయి డబ్బా అంత ఉంటుంది. సికింద్రాబాద్ సీటీసీలో కొన్న సెకండ్‌హ్యాండ్ సరుకు, ఏదో ఆఫీసు వాడుకుని తీసేసినవి. ఒక్కోదానికి 8 జీబీల ర్యామ్, 256 జీబీల డిస్కు. మూడూ కలిపి 30 వాట్లు తాగుతాయి, అంటే నెలకు 22 యూనిట్లు. ఈ లెక్క అమ్మీకి కాగితం మీద వేసి చూపించాల్సి వచ్చింది.

మేం ఇంజినీర్లం కాదు. బీఏ చదివి, కొన్నాళ్లు ఉర్దూ పేపర్లో, ఎక్కువేళ్లు తెలుగు పేపర్లో వార్తలు రాసుకుని బతుకుతున్నవాళ్లం. మాకు ఈ కుబెర్నెటీస్ ఎందుకని దోస్తులు నవ్వుతారు. కాగితాల కోసం.

2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. వెనకాలే ఎన్నార్సీ వస్తుందన్న మాట మా బస్తీలో ప్రతి తలుపూ తట్టింది. అందరిళ్లలో ట్రంకు పెట్టెలు కిందికి దిగాయి. మా అబ్బా పెట్టె కూడా దిగింది. అందులో నిజాం జమానా శిస్తు రసీదులు, తాత సంతకం చేసిన కౌలు కాగితం, అబ్బా బడి సర్టిఫికెట్, ఉత్తరాలు, ఉర్దూ పేపర్లకు ఆయన రాసిన వ్యాసాల కత్తిరింపులు. ఉర్దూలో తాత పేరు అన్నిట్లో ఒక్కలాగే ఉంది. అదే పేరు తెలుగులోకీ ఇంగ్లీషులోకీ వచ్చేసరికి నాలుగు రకాలైంది. ఒకచోట 'సాబ్' పేరులో భాగమైపోయింది, ఇంకోచోట సగం పేరు ఊడిపోయింది. ఈ నలుగురూ ఒక్కరేనని ఎవరికి రుజువు చెయ్యాలి? ఆ చలికాలమంతా స్కాన్ చేశాం.

స్కాన్‌తో పని అయిపోదు. మా పిల్లలకు ఉర్దూ మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. అది మా తప్పే, ఒప్పుకుంటాం. కంప్యూటర్‌తో చదివిద్దామంటే నస్తాలీఖ్ రాతలో అక్షరాలు వాలుగా దిగుతూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి. టెస్సరాక్ట్ కొంత చదువుతుంది, మిగతాది కల్పిస్తుంది. అబ్బా ఆఖరి రోజుల్లో ఇన్‌పేజ్‌లో టైపు చేయించిన ఫైళ్లు యూనికోడ్ కావు, మారిస్తే తప్ప ఇప్పుడు పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. కాబట్టి రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక ఒక్కో కాగితం మేమే టైపు కొట్టి, పక్కనే తెలుగు రాసి డేటాబేసులో పెట్టాం. నాలుగు వేల పైచిలుకు కాగితాలు. వీటిని ఒక్క కంప్యూటర్‌ను నమ్మి ఎట్లా పెట్టేది? పరాయి కంపెనీ సర్వర్‌లో పెట్టడానికి మనసొప్పలేదు.

అందుకే మూడు డబ్బాలు, వాటి మీద కె3ఎస్. ఇది కుబెర్నెటీస్‌లోనే చిన్న రకం, పాత మిషన్ల మీద కూడా నడుస్తుంది. కుబెర్నెటీస్ అంటే గ్రీకులో చుక్కాని పట్టేవాడు. మా ఉర్దూలో నాఖుదా, తెలుగులో సరంగు. సరంగు కూడా ఫార్సీ నుంచి వచ్చిన మాటే. 2014లో గూగుల్ వాళ్లు దీన్ని లోకానికి ఇచ్చారు. ప్రతి పనినీ ఒక కంటైనర్‌లో మూటగట్టి నాఖుదాకు అప్పగిస్తే, ఏ మూట ఏ మిషన్‌లో దిగాలో అతను చూసుకుంటాడు. మూటను పాడ్ అంటారు, మిషన్‌ను నోడ్ అంటారు. కాగితాలు చదివే పేజీ రెండు చోట్ల నడవాలని చెప్పామనుకోండి. ఒక నోడ్ కరెంటు పోయి పడిపోతే, ఐదు నిమిషాలు చూసి దాని పాడ్‌ను ఇంకో నోడ్‌లో లేపుతాడు. డేటాబేసు మాత్రం అంత తేలిగ్గా కదలదు. దాని సరుకు ఆ డిస్కు మీదే ఉంటుంది, రోజూ రాత్రి మిగతా రెంటికీ నకలు పంపుతాం. సామానున్నవాడికి ఇల్లు మారడం ఎక్కడైనా కష్టమే.

మూడే ఎందుకంటే, ఓట్ల కోసం. క్లస్టర్ లెక్కలన్నీ మూడు నోడ్లలోనూ ఉంటాయి. కొత్తగా ఏది రాయాలన్నా మూడింట రెండు ఒప్పుకోవాలి. తెగిపోయి ఒంటరైన మూడోది, పాత లెక్కంతా తన దగ్గరే ఉన్నా, ఒక్క అక్షరం కొత్తగా రాయలేదు. ఇది చదివిన రోజు అరగంట వేరే పని చేయలేకపోయాం.

పోయిన్సారి ఇల్లు వెతికింది మూడు నెలలు. ఫోన్లో మా తెలుగు విని అందరూ రమ్మంటారు. "పేరేంటండీ?" అన్నాక ఫోన్లో కాస్త గాలి వినపడుతుంది. "అయ్యో, మీ తెలుగు విని అనుకోలేదండీ. మాదేం లేదు, పైవాటా వాళ్లు ఒప్పుకోరు." ఒకాయన అడ్వాన్సు తీసుకుని మర్నాడు తిరిగిచ్చేశాడు. ఇంకొకావిడ, "ఈ నెలాఖరుదాకా ఎవరూ రాకపోతే మీకే ఇస్తాం" అంది. మంచి మనిషే, దాచకుండా చెప్పింది.

చివరికి దొరికిన ఇంట్లో, మేడ మీది చిన్న గదిలో డబ్బాలు పెట్టాం. ఒకటి వేడెక్కుతోంది. బరువు పనులు దాని మీద దిగకుండా చేద్దామని పుస్తకం తెరిస్తే టెయింట్ అనే మాట దొరికింది. అంటే మరక, దాగ్. నోడ్‌కు మరక పెడితే పాడ్లు అక్కడ దిగవు. దిగాలంటే పాడ్ దగ్గర టాలరేషన్ ఉండాలి. టాలరేషన్ అంటే ఓర్పు. ఓర్పు మోయాల్సింది ఇల్లు కాదు, ఇల్లు వెతుక్కుంటూ వచ్చినవాడు. ఈ పేర్లు పెట్టినవాళ్లెవరో మాకు తెలియదు, మా సంగతి వాళ్లకూ తెలిసి ఉండదు.

మరకలు మూడు రకాలు. ప్రిఫర్‌నోషెడ్యూల్ అంటే వేరే చోటుంటే ఇక్కడ దించకు, లేకపోతే సరే. నెలాఖరు ఆవిడ. నోషెడ్యూల్ అంటే కొత్తవాళ్లను రానివ్వను, ఉన్నవాళ్లు ఉండొచ్చు. నోఎగ్జిక్యూట్ అంటే ఉన్నవాళ్లు కూడా లేవాలి. కావాలంటే ఓర్పుకు గడువు సెకన్లలో రాయొచ్చు, గడువు తీరగానే పాడ్ బయటికే. కార్డన్ అని ఇంకో ఆదేశం ఉంది. బస్తీలో పుట్టినవాళ్లకు దాని అర్థం చెప్పక్కర్లేదు.

రాత్రి రెండు గంటల నిద్రమత్తులో, ఒక నోడ్ పేరు కొట్టాల్సిన చోట 'అన్నీ' అని కొట్టాం. నోషెడ్యూల్ బదులు నోఎగ్జిక్యూట్ అని కొట్టాం. కళ్లముందే పాడ్లన్నీ లేచిపోయాయి. పేజీ పోయింది, డేటాబేసు పోయింది. ఏమైందని అడిగితే వచ్చిన జవాబు: మూడు నోడ్లలో దొరికేవి సున్నా, మూడింటికీ ఈ పాడ్ ఓర్వని మరక ఉంది. పాడ్ పక్కన 'పెండింగ్' అని ఉంది. మూడు మిషన్లలోనూ కావలసినంత చోటుంది. అబ్బా కాగితాలు పోయాయేమోనని చేతులు వణికాయి. పోలేదు, డిస్కు మీదే ఉన్నాయి. మరక తీయడానికి అదే ఆదేశం మళ్లీ కొట్టి చివర ఒక్క మైనస్ గుర్తు పెట్టాలి. పెట్టాం. రెండు నిమిషాల్లో అన్నీ ఎవరి చోట్లోకి వాళ్లు వచ్చేశాయి.

అమ్మీకి ఆ గదంటే భయం. రాత్రిళ్లు పచ్చలైట్లు మినుకుమినుకుమంటాయి, వైర్లు వేలాడతాయి. "కోయీ దేఖా తో క్యా సమ్‌ఝేంగే బేటా?" అంటుంది. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత ఎంతమంది పిల్లల్ని పట్టుకుపోయారో, కోర్టు నిర్దోషులని వదిలేదాకా ఆ తల్లులు ఎట్లా తిరిగారో ఆమె చూసింది. అందుకని కిటికీకి పరదా కట్టింది. పరదా కడితే గాలాడక డబ్బా ఇంకా వేడెక్కుతుంది. ఈ పంచాయతీ ఇంకా తెగలేదు.

ఒకరోజు ఇంటి ఓనర్ నీళ్ల ట్యాంకు చూడటానికి పైకొచ్చి, పరదా పక్కకు తీశాడు. చాలాసేపు చూశాడు. "ఏంది సాబ్ ఇది?" అన్నాడు. చెప్పడం కన్నా చూపించడం మేలని ఫోన్లో తాత శిస్తు రసీదు తీసి పెట్టాం. ఒకవైపు ఉర్దూ, ఒకవైపు తెలుగు. ఏమీ అనకుండా దిగిపోయాడు. ఆ రాత్రి మాకెవరికీ సరిగా నిద్రపట్టలేదు.

మర్నాడు పొద్దున్నే ప్లాస్టిక్ కవరుతో వచ్చాడు. లోపల మడతల దగ్గర చిరిగిన కాగితం. వాళ్ల తాతది, ఊళ్లో భూమి కొన్నప్పటిది. అంతా ఉర్దూ. "మా ఇంట్ల ఎవ్వరికీ చదవరాదు సాబ్. దీంట్ల మా పేరేనా ఉన్నది?" అన్నాడు. వాళ్ల తాత పేరే. హద్దులు చదివి వినిపించాం: తూర్పున చెరువు కట్ట, దక్షిణాన ఎవరిదో చెలక. మళ్లీ చదవమన్నాడు, చదివాం. స్కాన్ చేసి, టైపు కొట్టి, తెలుగులో ప్రింటు తీసిచ్చాం. అది కూడా ఇప్పుడు మా కాగితాల మధ్యే, రెండో డబ్బాలో ఉంది.

ప్రింటు జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెట్ల దగ్గర ఆగి అడిగాడు. "అగ్రిమెంటు వచ్చే నెలతోని అయిపోతది కద సాబ్?"

అవునన్నాం.