ఎనిమిది ట్రాకులు, ఒక నాబ్

2024 జూన్ 9, ఆదివారం

పొద్దున్నుంచి ముసురు. బయటికి వెళ్లే పని లేదు కాబట్టి డిజిటాక్ట్ అనే నా శాంప్లర్ ముందు కూచున్నాను. మొన్న మామయ్య వాళ్ల ఊళ్లో రికార్డు చేసుకొచ్చిన డప్పుని లోపలికి ఎక్కించాను. ఒకటే ఫైలు. సిర్ర దెబ్బ, చిటికెన పుల్ల దెబ్బ, అంచు మీద కొట్టింది, అరచేత్తో మూసింది, ఇలా వరసగా ఉన్నాయి అందులో. ముక్కలు చేయకుండా ఐదు ట్రాకులకూ అదే ఫైలు ఇచ్చి, ఎక్కడ మొదలవ్వాలో ఒక్కో ట్రాకుకి వేరుగా పెట్టుకున్నాను. ఆరులో గజ్జెలు, ఏడులో చిరతలు, ఎనిమిదిలో తంబూర.

ఈ పెట్టెలో ట్రాక్ బటన్ నొక్కిపట్టి ఏ నాబ్ తిప్పినా ఆ మార్పు ఎనిమిది ట్రాకులకూ పోతుంది. దీన్ని తయారుచేసే గోథెన్‌బర్గ్‌లోని ఎలెక్ట్రాన్ వాళ్లకి ఇది కొత్త కాదు, వాళ్ల 2001 నాటి మెషీన్‌డ్రమ్‌లోనే ఈ వీలుంది. ఇన్నాళ్లూ నేను దాన్ని పాట ముగించడానికే వాడాను. ఫిల్టర్ పేజీ తెరిచి, ఫ్రీక్వెన్సీ నాబ్ ఎడమకి తిప్పితే అన్నీ మసకబారి నెమ్మదిగా ఆగిపోతాయి.

ఇవాళ అలాగే తిప్పాను. డప్పులు మసకబారాయి, గజ్జెలు పోయాయి. వాటి అడుగు నుంచి తంబూర లేచింది! ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. డప్పు కింది మోతకి అడ్డురాకూడదని తంబూరని హై-పాస్ ఫిల్టర్ మీద పెట్టి, పైనున్న జీరని మాత్రమే వినబడనిచ్చాను. మిగతా ఏడూ లో-పాస్ మీద ఉన్నాయి. ఫ్రీక్వెన్సీ దిగుతుంటే లో-పాస్ తలుపు మూసుకుంటుంది, హై-పాస్ తలుపు తెరుచుకుంటుంది. నా చేయి ఒకవైపే తిరిగింది. ఏడు గొంతులు తగ్గాయి, ఎనిమిదోది ఒళ్లు చేసుకుంది. పదిసార్లు తిప్పి విన్నాను. అన్నం చల్లారిపోయింది.

జూన్ 12, బుధవారం

రాత్రి పొరపాటు జరిగింది. ఫిల్టర్ పేజీలో ఉన్నాననుకుని సోర్స్ పేజీలో ఉండగా తిప్పేశాను. కింది వరసలో మొదటి నాబ్ ఫిల్టర్ పేజీలో ఫ్రీక్వెన్సీ అయితే, సోర్స్ పేజీలో స్టార్ట్. పైగా నాబ్‌ని నొక్కి తిప్పాను. అలా తిప్పితే విలువలు ఇంకా వేగంగా పరిగెడతాయి. ఐదు డప్పు ట్రాకుల మొదళ్లూ సున్నాకి వచ్చేశాయి. ఐదింటిలోనూ ఒకటే సిర్ర దెబ్బ. అంచు లేదు, మూసిన దెబ్బ లేదు, చిటికెన పుల్ల లేదు. దరువులో దెబ్బల చోట్లు అలాగే ఉన్నాయి, దరువు మాత్రం లేదు.

సాయంత్రమంతా చేసింది సేవ్ చేయలేదు. రెండు గంటలు కూచుని ఒక్కో దెబ్బ మొదలెక్కడో చెవితో వెతుక్కుంటూ మళ్లీ పెట్టాను. మూసిన దెబ్బ మునుపున్న చోట కుదిరినట్టు లేదు. కొంచెం ముందుకి వచ్చింది.

ఇకనుంచి ట్రాక్ బటన్ మీద వేలు పెట్టే ముందు ఫంక్షన్, యెస్ బటన్లు కలిపి నొక్కాలి. ప్యాటర్న్ ఉన్నదున్నట్టు పక్కన దాచుకుంటుంది. ఎటు తిప్పి ఎంత చెడగొట్టినా ఫంక్షన్, నో కలిపి నొక్కగానే వెనక్కొస్తుంది. నాకు తెలిసిన సంగతే. చేతికి ఇంకా అలవాటు కాలేదు.

జూన్ 16, ఆదివారం

మామయ్యకి ఫోన్ చేశాను. డప్పులు కాచేటప్పుడు అన్నీ ఒకే మంట చుట్టూ పెడతారు కదా, అన్నీ ఒకే తీరుగా ఎక్కుతాయా అని అడిగాను.

"అన్నీ ఒక్కసారి పెడ్తం గని అన్నీ ఒక్కసారి తియ్యం అల్లుడా. పల్సటి తోలు జల్ది ఎక్కుతది. మందంది ఇంకింత సేపు ఉండాలె. తట్టి సూసుకుంట తియ్యాలె."

ఈ నాబ్‌తో నాకు అందుతున్నదీ, అందకుండా పోతున్నదీ ఇదే. మంట ఒకటే, తోళ్లు వేరు. కాకపోతే మామయ్య చేయి ఒక్కో డప్పునీ తట్టి చూస్తుంది. నా చేయి ఎనిమిదింటినీ ఒకేసారి తిప్పుతుంది. కాబట్టి ఏ ట్రాకు ఎంత కదలాలో, ఏది కదలకూడదో ముందే లోపల అమర్చి ఉంచుకోవాలి.

కదలకుండా ఉంచడానికి ఒక దారి దొరికింది. మొదటి ట్రాకులో రెండు స్టెప్పుల మీద ఫ్రీక్వెన్సీని పూర్తిగా తెరిచి లాక్ చేశాను. స్టెప్పు మీద లాక్ చేసిన విలువ ట్రాకు విలువని పట్టించుకోదు. అన్నీ మునిగాక కూడా ఆ రెండు సిర్ర దెబ్బలు ఎండలో కొట్టినట్టు ఖణేల్‌మన్నాయి. తంబూర మీద అవి పడుతుంటే ఒళ్లు జలదరించింది.

జూన్ 21, శుక్రవారం

స్నేహితుడి ఇంట్లో ఎలెక్ట్రాన్ వాళ్లదే ఇంకో పెట్టె, ఆక్టాట్రాక్ మీద కాసేపు. దీని దారి వేరు. సీన్ బటన్ పట్టుకుని ఏ ట్రాకులో ఏ విలువ ఎక్కడికి చేరాలో విడివిడిగా రాసిపెట్టుకోవచ్చు. తర్వాత క్రాస్‌ఫేడర్‌ని ఒక కొస నుంచి ఇంకో కొసకి జరుపుతుంటే అన్నీ తమ తమ దారిన ఆ చోట్లకి నడుస్తాయి. ఒకదాని ఫిల్టర్ మూసుకుంటుంటే, ఒకదాని స్థాయి తగ్గుతుంటే, ఇంకొకటి రివర్బ్‌లోకి జారుతుంటుంది. మామయ్య చెప్పిన పద్ధతికి ఇదే దగ్గర.

అడిగితే నెల రోజులు వాడుకోమని ఇచ్చేవాడే. అడగలేదు. అక్కడ అన్నీ నేను చెప్పిన చోటికే చేరతాయి. తంబూర లేస్తుందని నేను ఎక్కడా రాసిపెట్టలేదు, అయినా లేచింది. ఆ రోజు నాకు నచ్చింది అదే.

జూన్ 29, శనివారం

వినడానికి డాబా మీద పన్నెండు మంది. వాన ఆగింది, గచ్చు ఇంకా తడిగానే ఉంది. మొదలుపెట్టే ముందు ఫంక్షన్, యెస్. ఫిల్టర్ పేజీలోనే ఉన్నానా అని రెండుసార్లు చూసుకున్నాను.

ఏడు నిమిషాలు దరువు నడిచాక ట్రాక్ బటన్ పట్టుకుని చాలా నెమ్మదిగా ఎడమకి తిప్పాను. మాటలాడుకుంటున్నవాళ్లు ఆగారు. తంబూర నిండుగా వచ్చేదాకా చేయి తీయలేదు. ఆ రెండు దెబ్బలు పడుతున్నాయి, మధ్యలో చూరు నుంచి నీటిబొట్లు. ఫంక్షన్, నో. ఎనిమిదీ ఒక్కసారి విచ్చుకున్నాయి. ఓ పెద్దావిడ చేతిలో గ్లాసు కిందపెట్టి చప్పట్లతో తాళం అందుకుంది.

చిరతలు మాత్రం మరీ ముందుగా మునిగిపోతున్నాయి. రేపు ఏడో ట్రాకుని కూడా హై-పాస్‌కి మార్చి విని చూడాలి.